విశ్వం లెక్కలకు మధ్యయుగాల సాక్ష్యం

1054 జులై 4 తెల్లవారుజామున చైనా రాజధాని కైఫెంగ్‌లో ఆకాశాన్ని కనిపెట్టి చూసే ఉద్యోగులకు తూర్పు దిక్కున, వృషభ రాశిలో, తమ జాబితాల్లో లేని చుక్క ఒకటి కనిపించింది. దాన్ని వాళ్లు అతిథి నక్షత్రంగా నమోదు చేసుకున్నారు. శుక్రుడిలా పగటిపూటే కనబడుతోందనీ, నాలుగు వైపులా కిరణాలు చిమ్ముతోందనీ, రంగు ఎరుపు కలిసిన తెలుపనీ, మొత్తం 23 రోజులు పట్టపగలు కనిపించిందనీ సోంగ్ రాజవంశపు దస్తావేజుల్లో ఉంది. రాత్రిపూట అయితే 1056 ఏప్రిల్ దాకా, దాదాపు ఇరవై ఒక్క నెలలు కనబడుతూనే ఉంది. యాంగ్ వేయ్‌దె అనే ఆస్థాన జ్యోతిష్కుడు ఆ చుక్క రంగునూ, అది నిలిచిన చోటునూ బట్టి చక్రవర్తికి శుభమే తప్ప కీడు లేదని నివేదిక పెట్టుకున్నాడు. ఈ సంగతిని చరిత్ర రాసే కార్యాలయానికి పంపమని కూడా కోరాడు.

ఆ రోజుల్లో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. అంతకు ముందు ఏడాదే, 1053లో, నన్నయ నందంపూడి శాసనం రాశాడు. వానాకాలపు మబ్బులు అడ్డు రాకుంటే గోదావరి ఒడ్డున వేకువనే లేచినవాళ్లకు కూడా ఆ చుక్క తూర్పున కనిపించే ఉండాలి. ఎందుకంటే అది భూమి మీద సగం మందికి పైగా కనిపించగల చోట వెలిగింది. కానీ చూడటం వేరు, తేదీ వేసి రాసిపెట్టడం వేరు. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు అని పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఈ అంకెలేవీ ఎవరో అక్కడ ఉండి రాసినవి కావు. ఇప్పుడు కనిపించే వేగాలనూ, వెలుగులనూ, రాళ్లనూ చూసి వెనక్కి లెక్కగడితే వచ్చినవి. వెనక్కి లెక్కగట్టే పద్ధతి సరైనదో కాదో తేలాలంటే, లెక్కతోపాటు ఆ నాటి రాత కూడా ఉన్న చోటు కావాలి. ఆకాశానికి సంబంధించి అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మేలైనవి కొన్ని మధ్యయుగాల మనుషులు మనకిచ్చినవి. ఐదో శతాబ్దికీ పదిహేనో శతాబ్దికీ మధ్య కాలాన్ని చీకటి యుగమని తేలిగ్గా తీసిపారేసే అలవాటు ఇంకా పోలేదు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. విశ్వచరిత్రలో మనం ఇవాళ గట్టిగా చెప్పగలుగుతున్న విషయాలకు ఆ కాలపు కాగితం, గాజు, కొలత పునాదులుగా ఉన్నాయి.

ఒక తేదీ, రెండు లెక్కలు

1731లో జాన్ బెవిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు టెలిస్కోప్‌లో వృషభ రాశిలో ఒక మసక మరకను చూశాడు. 1758లో ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ మెస్సియే తోకచుక్క కోసం వెతుకుతూ అదే మరకను చూసి, తోకచుక్క అనుకుని మోసపోకుండా ఉండటానికి ఒక జాబితా మొదలుపెట్టాడు. ఆ జాబితాలో మొదటి అంకె దానిదే. తర్వాత ఐర్లండ్‌లో లార్డ్ రాస్ వేసిన బొమ్మ పీత కాళ్లలా ఉండటంతో దానికి క్రాబ్ నెబ్యులా అనే పేరు స్థిరపడింది.

1921లో అసలు కథ మొదలైంది. కొన్నేళ్ల తేడాతో తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మసక మేఘంలోని పోగులు బయటికి జరుగుతున్నాయని అమెరికా ఖగోళవేత్తలు గమనించారు. మేఘం ఉబ్బుతోందన్న మాట. విజయవాడ నుంచి వచ్చే బస్సు ఎంత వేగంతో వస్తోందో, ఎంత దూరం వచ్చిందో తెలిస్తే ఎప్పుడు బయల్దేరిందో చెప్పేయవచ్చు. ఎడ్విన్ హబుల్ 1928లో ఈ మేఘం మీద ఆ లెక్కే చేసి, ఇది సుమారు 900 ఏళ్ల కిందట ఒక బిందువు నుంచి బయల్దేరి ఉండాలన్నాడు. 900 ఏళ్ల కిందట ఆ దిక్కున ఏం జరిగిందో చైనా దస్తావేజుల్లో ఉండనే ఉంది. 1942లో డచ్ ఖగోళవేత్త యాన్ ఊర్ట్, అమెరికాకు చెందిన నికొలస్ మేయల్, చైనా భాషా పండితుడు డైవెండాక్ కలిసి పాత రాతలనూ కొత్త కొలతలనూ సరిపోల్చి, ఈ మేఘం 1054లో పేలిన నక్షత్రపు శకలమేనని స్థిరపరిచారు.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకుని ముందుకు వెళ్లాలి. క్రాబ్ నెబ్యులా మనకు సుమారు 6500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాబట్టి నక్షత్రం నిజంగా పేలింది 1054కు ఆరేడు వేల ఏళ్ల ముందు. ఆ వెలుగు మన దగ్గరికి చేరింది 1054లో. తర్వాతి శకలాల వెలుగు కూడా అంతే ఆలస్యంగా వస్తుంది గనుక లెక్కలన్నీ వెలుగు మనకు చేరిన తేదీని బట్టే వేస్తారు.

హబుల్ 900 అన్నది ఉజ్జాయింపు. కొలతలు మెరుగయ్యాక 1968లో వర్జీనియా ట్రింబుల్ పోగుల వేగాలను జాగ్రత్తగా కొలిచి వెనక్కి లెక్కగడితే పేలుడు 1140 ప్రాంతంలో జరిగినట్టు వచ్చింది. రాతలో ఉన్న తేదీ కంటే ఇది ఎనభై ఏళ్లకు పైగా ఆలస్యం. రాత లేకపోయి ఉంటే మనం 1140 అనే నమ్మి ఉండేవాళ్లం. రాత ఉంది కాబట్టి ఇంకో ప్రశ్న వేయాల్సి వచ్చింది: బస్సు దారిలో వేగం పెంచుకుందా? అవును, పెంచుకుంది. సాధారణంగా పేలుడు శకలాలు ముందున్న పదార్థాన్ని తోసుకుంటూ నెమ్మదించాలి. ఇక్కడ మాత్రం మేఘం మధ్యలో ఏదో ఉండి వాటిని ఇంకా బయటికి నెడుతోంది.

ఆ ఏదో ఏమిటన్నది కూడా 1968లోనే తేలింది. మేఘం నడిమధ్య సెకనుకు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రం ఉంది. సూర్యుడి కంటే ఎక్కువ ద్రవ్యరాశి, ఒక నగరమంత సైజు. దీన్ని పల్సర్ అంటారు. అది తిరుగుతూ తన శక్తిని చుట్టూ ఉన్న మేఘంలోకి కుమ్మరిస్తోంది, ఆ మేరకు తాను నెమ్మదిస్తోంది. ఎంత నెమ్మదిస్తోందో కొలవవచ్చు కాబట్టి, దాన్ని బట్టి కూడా వయసు లెక్కగట్టవచ్చు. ఆ సూత్రం ప్రకారం క్రాబ్ పల్సర్ వయసు సుమారు 1250 ఏళ్లు. పేలుడు ఎనిమిదో శతాబ్దిదైతే తప్ప ఈ అంకె పొసగదు. పొసగకపోవడానికి కారణం సూత్రంలోనే ఉంది. పల్సర్ పుట్టినప్పుడు ఇప్పటికంటే ఎన్నో రెట్లు వేగంగా తిరిగేదని సూత్రం అనుకుంటుంది. క్రాబ్ పల్సర్ అంత వేగంతో పుట్టలేదు. ఎంత వేగంతో పుట్టి ఉండాలో 1054 అనే తేదీని పెట్టుకునే లెక్కగడతారు.

అంటే ఒక లెక్క వయసు తక్కువ చెప్పింది, ఇంకో లెక్క ఎక్కువ చెప్పింది. రెండూ ఎందుకు తప్పాయో తెలిసింది యాంగ్ వేయ్‌దె కాలపు గుమాస్తాల రాత వల్ల. ఆకాశంలో వేలకొద్దీ పల్సర్లు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగానికి పుట్టిన తేదీ రాసినవాళ్లు లేరు. వాటి వయసు గురించి ఆ సూత్రంతో మాట్లాడేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో శాస్త్రవేత్తలు ఇలాంటి కొద్ది నక్షత్రాల దగ్గరే నేర్చుకున్నారు.

ఆ రాత మాత్రం అంత నమ్మకమైనదా? అన్ని విషయాల్లోనూ కాదు. చుక్క తియెన్‌గువాన్ అనే నక్షత్రానికి ఆగ్నేయంగా ఉందని చైనా రాతలు చెబుతాయి. క్రాబ్ నెబ్యులా ఆ నక్షత్రానికి వాయవ్యంగా ఉంది. దిక్కు ఎక్కడ తారుమారైందన్న చర్చ చాలాకాలం నడిచింది. బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ ఆ సంవత్సరాల్లో కనిపించిన కొత్త చుక్కను కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రబలిన అంటువ్యాధికి ముడిపెట్టాడు. వాళ్లు చెప్పిన కారణాలను మనం తీసుకోవడం లేదు. తేదీ, చోటు, ఎన్నాళ్లు కనిపించింది, ఈ మూడూ తీసుకుంటున్నాం. ఒక రాత తప్పినా జపాన్ రాతలతో, అరబ్బు రాతలతో సరిచూసుకునే వీలుంది.

ఆ కాగితాలు మన దాకా వచ్చిన దారి చెప్పుకోదగ్గది. 1127లో ఉత్తరాది నుంచి వచ్చిన జుర్చెన్ జాతివాళ్లు కైఫెంగ్‌ను పట్టుకుని రాజధానిని కొల్లగొట్టారు. సోంగ్ పరిపాలన వివరాలున్న గ్రంథాల అసలు ప్రతులు తర్వాత కాలంలో పోయాయి. అయితే 1408లో మింగ్ చక్రవర్తి యోంగ్లె చేయించిన మహా విజ్ఞాన సర్వస్వంలో వాటి భాగాలను ఎత్తి రాశారు. 19వ శతాబ్ది మొదట్లో షూ సోంగ్ అనే పండితుడు అందులోంచి వాటిని మళ్లీ ఏరి రాసుకున్నాడు. అతిథి నక్షత్రం 23 రోజులు పగలు కనిపించిందన్న వాక్యం అలా, ఎత్తి రాసిన దాని నుంచి మళ్లీ ఎత్తి రాసినవాళ్ల పుణ్యాన బతికింది. రాత్రుళ్లు దీపాల దగ్గర కూర్చుని అర్థం తెలియని పాత నివేదికలను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసినవాళ్ల పేర్లు చాలావరకు మనకు తెలియవు. కానీ వాళ్లు లేకపోతే ఈ వ్యాసంలోని సగం లేదు.

జాతకం వల్ల దొరికిన తేదీ

1054 కంటే పెద్ద వెలుగు 1006లో వచ్చింది. మనుషులు రాసిపెట్టిన నక్షత్రాల పేలుళ్లలో ఇంతకంటే ప్రకాశవంతమైంది లేదు. కైరో పక్కనే ఉన్న ఫుస్తాత్‌లో అలీ ఇబ్న్ రిద్వాన్ అప్పటికి చదువుకుంటున్న కుర్రాడు. ఆయన పెద్దయ్యాక పేరున్న వైద్యుడై, టాలెమీ జ్యోతిష గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ ఆ చుక్కను గుర్తు చేసుకున్నాడు. శుక్రుడి కంటే రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా ఉందనీ, దాని వెలుతురు చందమామ వెలుతురులో పావు వంతుకు కాస్త ఎక్కువనీ రాశాడు. అంతటితో ఆగకుండా అది మొదట కనిపించిన రోజున సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఏ రాశిలో ఎన్ని డిగ్రీల మీద ఉన్నాయో కూడా రాశాడు. ఆయన దృష్టిలో అది ఫలితం చెప్పడానికి అవసరమైన జాతక చక్రం. మనకది తేదీ. గ్రహాలు ఆ స్థానాల్లో ఉన్న రోజు ఏదో లెక్కగడితే 1006 ఏప్రిల్ 30 అని తేలుతుంది.

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో సన్యాసులు కూడా ఈ చుక్కను దక్షిణాన, దిగంతానికి బాగా దగ్గరగా చూశారు. మూడు నెలలు కనిపించిందని రాశారు. అంత ఉత్తరాన ఉన్న మఠానికి కనిపించిందంటే చుక్క ఆకాశంలో మరీ దక్షిణాన ఉండటానికి వీల్లేదు. మఠం దక్షిణాన ఉన్న కొండల ఎత్తును బట్టి, దాని స్థానానికి ఒక హద్దు దొరికింది. చైనా, జపాన్, ఈజిప్టు, స్విట్జర్లాండ్ రాతలన్నీ కలిపి చూసుకుని 1965లో రేడియో టెలిస్కోపులతో దాని శకలాన్ని గుర్తించారు.

1054 నాటి పేలుడుకూ దీనికీ జాతి తేడా ఉంది. క్రాబ్ ఒక భారీ నక్షత్రం ఇంధనం అయిపోయి లోపలికి కుప్పకూలడం వల్ల పుట్టింది, అందుకే మధ్యలో పల్సర్ మిగిలింది. 1006 నాటిది తెల్ల మరుగుజ్జు నక్షత్రం పూర్తిగా పేలిపోవడం. సూర్యుడి లాంటి నక్షత్రం చల్లారి మిగిలిన గట్టి ముద్ద అది. దాని ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటితే తన బరువును తానే మోయలేదని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లలో చూపించాడు. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కునో, ఇంకో మరుగుజ్జుతో కలిసిపోయో ఆ దరిదాపులకు చేరిన మరుగుజ్జు అణుబాంబులా పేలుతుంది. ఇలాంటి పేలుళ్ల ప్రకాశం ఇంచుమించు ఒకే కొలతలో ఉంటుంది. కాబట్టి ఎంత మసకగా కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు. 1998లో రెండు బృందాలు దూరపు గెలాక్సీల్లో ఇదే జాతి పేలుళ్లను కొలిచి, విశ్వం వ్యాకోచం నెమ్మదించడం లేదు, వేగం పుంజుకుంటోందని కనుక్కున్నాయి. ఫుస్తాత్ కుర్రాడు చూసిన చుక్కా, ఆ బృందాలు విశ్వాన్ని కొలిచిన చుక్కలూ ఒకే కోవకు చెందినవి. మన ఒంట్లో, గరిటెలో, రైలు పట్టాలో ఉన్న ఇనుములో పెద్ద వాటా ఈ జాతి పేలుళ్లలో తయారైందే.

మసీదులో కూర్చుని చూసిన గ్రహణం

నక్షత్రాల పేలుళ్లు అరుదు. గ్రహణాలు తరచూ వస్తాయి, పైగా వాటిని ముందే లెక్కగట్టవచ్చు. ఈ రెండో గుణం వల్లే పాత గ్రహణాల రాతలకు ఊహించని విలువ వచ్చింది.

977 డిసెంబర్ 13న ఈజిప్టు ఖగోళవేత్త ఇబ్న్ యూనుస్, ఇంకొందరు పండితులు కైరోలోని అల్ ఖరాఫా మసీదులో చేరి సూర్యగ్రహణాన్ని గమనించారు. గ్రహణం పట్టడం కనిపించినప్పుడు సూర్యుడు దిగంతం నుంచి 15 డిగ్రీలకు మించి, 16 డిగ్రీలకు లోపు ఎత్తులో ఉన్నాడు. సూర్యబింబం వ్యాసాన్ని పన్నెండు పాళ్లు చేస్తే ఎనిమిది పాళ్లు కప్పబడిందని అక్కడున్నవాళ్లంతా ఒప్పుకున్నారు. విడిచేసరికి సూర్యుడు 33 డిగ్రీలు దాటాడు. వాళ్ల దగ్గర మంచి గడియారం లేదు. కానీ సూర్యుడి ఎత్తు తెలిస్తే ఆ ఊళ్లో అప్పుడు ఎంత వేళైందో ఖచ్చితంగా చెప్పవచ్చు. నాకు ఇబ్న్ యూనుస్ రాతలో నచ్చేది ఆ ‘మించి, లోపు’ అన్న జాగ్రత్త. తన కొలతకు హద్దు ఎంతో ఆయనే చెప్పాడు.

ఇప్పుడు మన కంప్యూటర్లతో వెనక్కి వెళ్లి, భూమి రోజుకు సరిగ్గా ఇప్పటిలానే తిరిగిందనుకుని ఆ గ్రహణం కైరోలో ఎప్పుడు పట్టాలో లెక్కగడితే, ఆ వేళ ఇబ్న్ యూనుస్ వేళతో కలవదు. క్రీ.శ. 1000 నాటి గ్రహణాలకు ఈ తేడా సుమారు 26 నిమిషాలు. అంతసేపట్లో భూమి ఆరున్నర డిగ్రీలు తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 700 కిలోమీటర్ల పైమాట. తప్పు ఇబ్న్ యూనుస్‌ది కాదు, భూమి తిరుగుడు మందగించింది. బాబిలోనియా పలకల నుంచి చైనా, అరబ్బు రాతల దాకా అన్నీ పోగేసి చూస్తే రోజు నిడివి శతాబ్దానికి సగటున సెకనులో వెయ్యో వంతులు 1.8 చొప్పున పెరుగుతోందని తేలింది. ఒక్క రోజులో పసిగట్టలేనంత చిన్న తేడా. లక్షల రోజులు పేరుకునేసరికి 26 నిమిషాలైంది. వెయ్యేళ్ల నాటి రాతకు ఉన్న బలం అక్కడుంది. ఎంత మంచి అణు గడియారమైనా గడిచిపోయిన వెయ్యేళ్లను మళ్లీ కొలవలేదు.

చంద్రుడు సముద్రాలను లాగడం వల్ల వచ్చే ఆటుపోట్లు భూమికి బ్రేకు వేస్తున్నాయి. భూమి పోగొట్టుకున్న తిరుగుడు చంద్రుడికి చేరి, అతను ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. ఆటుపోట్ల లెక్క ఒక్కటే అయితే రోజు శతాబ్దానికి 2.3 వెయ్యో వంతులు పెరగాలి. రాతలు 1.8 అంటున్నాయి. మిగతా తేడాకు ప్రధాన కారణం మంచుయుగంలో అణిగిన నేల మెల్లగా పైకి లేచి భూమి ఆకారం మారడం అని భావిస్తున్నారు. పాత పగడపు శిలల మీద రోజువారీ గీతలను లెక్కించిన జాన్ వెల్స్ 1963లో, సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట ఏడాదికి 400 రోజులు ఉండేవని చెప్పాడు. అప్పటి రోజు ఇరవై రెండు గంటలే. ఆ లెక్కా, కైరో లెక్కా ఒకే దిశలో నడుస్తున్నాయి.

కేరళలో పరమేశ్వరుడు అనే గణితవేత్త 1393 నుంచి కొన్ని దశాబ్దాల పాటు గ్రహణాలను స్వయంగా చూసి, పాత లెక్కలు ఆకాశంతో కలవడం లేదని 1431లో దృగ్గణితం అనే కొత్త పద్ధతి ఇచ్చాడు. మన తెలుగు, కన్నడ శాసనాల్లోనూ సూర్యగ్రహణ నిమిత్తం ఇచ్చిన దానాలు కొల్లలు. చరిత్రకారులకు శాసనాల కాలం తేల్చడానికి అవి చాలా ఉపయోగపడ్డాయి. అయితే గ్రహణం ఏ వేళ పట్టింది, ఎంత పట్టింది అన్నది శాసనం చెప్పదు. పంచాంగం చూసి ముందే నిర్ణయించిన ముహూర్తమో, కళ్లారా చూసిన గ్రహణమో తెలియదు. అందుకే భూభ్రమణం లెక్కకు అవి అంతగా అక్కరకు రాలేదు. దానం చేసినవాళ్లకు పుణ్యకాలం ముఖ్యం, ఇబ్న్ యూనుస్‌కు ఎత్తు ముఖ్యం.

నీళ్లు నింపిన గాజు గోళం నుంచి గుంటూరు దాకా

ఇప్పటిదాకా చెప్పింది రాత గురించి. వెలుగును విప్పి చదవడం ఇంకో విద్య. దానికీ మొదళ్లు ఆ కాలంలోనే ఉన్నాయి.

ఇబ్న్ అల్ హైతమ్ 11వ శతాబ్ది మొదటి పాదంలో కైరోలో కాంతి మీద ఏడు భాగాల గ్రంథం రాశాడు. కంటి నుంచి కిరణాలు బయటికి పోవడం వల్ల చూపు కలుగుతుందన్న పాత వాదాన్ని కాదని, వస్తువు నుంచి వచ్చిన వెలుగు కంట్లో పడటం వల్లే చూపు అని చీకటి గదిలో ప్రయోగాలతో వాదించాడు. మూడు వందల ఏళ్లకు, 14వ శతాబ్ది మొదటి పదేళ్లలో, పర్షియాలో కమాలుద్దీన్ అల్ ఫారిసీ ఒక పెద్ద గాజు గోళంలో నీళ్లు నింపి, దాన్ని వాన చినుకుకు నమూనాగా చీకటి గదిలో పెట్టాడు. చిన్న రంధ్రం గుండా దాని మీద ఎండ పడనిచ్చి, లోపలికి వెళ్లిన కిరణం వంగి, వెనక గోడకు తగిలి తిరిగి, బయటికి వస్తూ మళ్లీ వంగి రంగులుగా విడిపోవడం చూశాడు. ఇంద్రధనుస్సు రహస్యం అది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే జర్మనీలో ఫ్రైబర్గ్‌కు చెందిన థియోడోరిక్ అనే సన్యాసి అలాంటి గోళాలతోనే అదే సమాధానానికి చేరుకున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరికీ పునాది ఇబ్న్ అల్ హైతమ్ గ్రంథమే, ఒకరికి అరబ్బీలో, ఒకరికి లాటిన్‌లో.

అంతకు కొంచెం ముందు, 1280లలో, ఇటలీలో కళ్లజోడు పుట్టింది. వెనిస్ 1291లో గాజు బట్టీలను అగ్నిప్రమాదాల భయంతో మురానో దీవికి పంపేసింది. చూపు తగ్గిన గుమాస్తాలు, పుస్తకాలు ఎత్తి రాసేవాళ్లు కళ్లజోడు కొనుక్కునేవాళ్లు కాబట్టి లెన్సులు అరగదీసే చేతిపని మూడు వందల ఏళ్లు ఊళ్లూళ్లలో బతికింది. 1608లో టెలిస్కోప్ కనిపెట్టింది విశ్వవిద్యాలయాల పండితులు కారు, హాలండ్‌లోని కళ్లజోళ్ల తయారీదారులు. 964లో ఇస్ఫహాన్‌లో అల్ సూఫీ తన నక్షత్రాల గ్రంథంలో ‘చిన్న మేఘం’గా గుర్తించిన మరక మన గెలాక్సీ బయటిదని, అది వేరే గెలాక్సీ ఆండ్రోమెడా అని హబుల్ తేల్చడానికి 1923 దాకా ఆగాల్సి వచ్చింది.

రంగులుగా విడిపోయిన వెలుగు మీద ఇంకో మలుపు మన నేల మీదే తిరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్ర తీరం మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు ఆబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటాన్ని చూసే పరికరాలతో కాచుకున్నారు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగు కొన్ని మెరిసే గీతలుగా కనిపించింది. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు గుంటూరులోనే చూసి నిరూపించాడు కూడా. హీలియంను గుంటూరులో కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వానికి ఆధారం ఉంది, అయితే కథ ఇంకొంచెం చిక్కుది. ఆ పసుపు గీతను చాలామంది సోడియం గీత అనుకున్నారు. దాని స్థానం సోడియంతో సరిపోవడం లేదనీ, భూమి మీద తెలియని మూలకమేదో సూర్యుడిలో ఉందనీ వాదించింది ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్. భూమి మీద హీలియం 1895లో గాని విలియమ్ రామ్సేకి దొరకలేదు.

హీలియం ఎందుకంత ముఖ్యం? విశ్వంలో మామూలు పదార్థంలో బరువును బట్టి దాదాపు నాలుగో వంతు హీలియమే. నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తాయి, నిజమే. కానీ ఇప్పటిదాకా పుట్టిన నక్షత్రాలన్నీ కలిసినా అంత హీలియం తయారుచేయలేవు. అది విశ్వం మొదటి కొద్ది నిమిషాల్లో, అంతా కొలిమిలా ఉన్నప్పుడు తయారై ఉండాలి. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి ఉన్న బలమైన ఆధారాల్లో ఇదొకటి. రెండోది ఆ వేడి చల్లారి ఆకాశమంతా మిగిలిన మైక్రోవేవ్ వెలుగు, 1965లో పెంజియాస్, విల్సన్ పట్టుకున్నది. మూడోది గెలాక్సీలు దూరం జరగడం.

అంకెల సంగతి కూడా చెప్పాలి, క్లుప్తంగా. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలు, తీసివేతల నియమాలు రాశాడు. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఆ అంకెల పద్ధతిని అరబ్బీలోకి తెచ్చాడు, 1202లో ఫిబొనాచ్చీ యూరప్ వర్తకులకు నేర్పాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి మన ఊళ్ల లెక్కలవాళ్లకు అందించాడు. పెద్ద అంకెలను కాగితం మీద గుణించుకోగలిగినవాళ్లకే గ్రహాల పట్టికలు సాధ్యం. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ 1437లో ఇచ్చిన వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక దాని ఫలమే.

విశ్వం వయసు దగ్గరికి వస్తే

హబుల్ క్రాబ్ మేఘానికి 900 ఏళ్లు చెప్పిన మరుసటి ఏడాదే, 1929లో, గెలాక్సీలు ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరం జరుగుతున్నాయని ప్రకటించాడు. ఆ సంబంధాన్ని జార్జ్ లమేత్ర్ 1927లోనే సిద్ధాంతపరంగా చూపాడు. మళ్లీ అదే లెక్క: దూరం, వేగం, వెనక్కి. హబుల్ అంకెలతో విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు వచ్చింది. అప్పటికే భూమి మీద రాళ్ల వయసు అంతకంటే ఎక్కువని తెలుస్తోంది. తల్లి కంటే బిడ్డ పెద్దదైంది. 1952లో వాల్టర్ బాడే దూరాలు కొలిచే నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని చెప్పి, దూరాలను ఒక్కసారిగా రెట్టింపు చేశాడు. ఆపై దశాబ్దాల సవరణలతో 1380 కోట్లకు చేరాం.

క్రాబ్‌కూ విశ్వానికీ తేడా ఏమిటంటే, క్రాబ్ లెక్క తప్పినప్పుడు ఎంత తప్పిందో చెప్పడానికి రాత ఉంది. విశ్వానికి అలాంటి రాత లేదు. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసుకోవడమే దారి. ఇవాళ ఆ పద్ధతులు పూర్తిగా కలవడం లేదు కూడా. తొలి మైక్రోవేవ్ వెలుగు నుంచి లెక్కగడితే వ్యాకోచపు రేటు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది) 67, 68 దగ్గర వస్తోంది. 1006 జాతి పేలుళ్లతో దూరాలు కొలిచినవాళ్లకు 73 వస్తోంది. కొలతలో పొరపాటా, విశ్వం గురించి మనకు తెలియని విషయమా అన్నది తేలలేదు. ఖగోళవేత్తల మధ్య ఇప్పుడున్న పెద్ద టెన్షన్ ఇదే.

ఈలోగా పాత రాతలు వెతికి చూసే పని ఆగలేదు. 1181 ఆగస్టులో చైనా, జపాన్ ఖగోళ ఉద్యోగులు ఇంకో అతిథి నక్షత్రాన్ని చూసి, 185 రోజులు కనిపించిందని రాశారు. దాని శకలం ఏదో ఎనిమిది శతాబ్దాలు ఎవరికీ తెలియలేదు. 2013లో ఒక ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు పాత ఉపగ్రహ ఫొటోల్లో గుండ్రని మసక మేఘాన్ని గుర్తించాడు. 2021లో దాని వేగాన్ని కొలిచిన శాస్త్రవేత్తలు అది 1181 నాటిదే కావచ్చన్నారు. దాని నుంచి అన్ని వైపులా సూటిగా చిమ్ముకొచ్చిన పోగులను కొలిచి 2024లో ఇంకో బృందం వెనక్కి లెక్కగడితే 12వ శతాబ్ది మధ్యభాగం వచ్చింది. లెక్కలో ఉన్న అటూ ఇటూ తీసుకుంటే 1181 అందులోనే ఇముడుతుంది. ఇక్కడ పోగులు దారిలో వేగం పెంచుకున్నట్టుగానీ తగ్గించుకున్నట్టుగానీ కనిపించడం లేదు. విచిత్రం ఏమిటంటే పేలిన మరుగుజ్జు పూర్తిగా చెదిరిపోలేదు. మధ్యలో సుమారు రెండు లక్షల డిగ్రీల వేడితో ఒక నక్షత్రం ఇంకా మండుతోంది. సగంలో ఆగిపోయిన పేలుడు తర్వాత నక్షత్రం ఏమవుతుందో, పేలిన తేదీ చేతిలో పెట్టుకుని చూసే అవకాశం మన గెలాక్సీలో ఇప్పుడు ఇక్కడే ఉంది.